హకుబా లోయలో తొలి స్కీ యాత్ర: తేదీల ఎంపిక నుంచి తిరుగు ప్రయాణం దాకా

జపాన్ ప్రధాన ద్వీపమైన హోన్షూ మధ్యభాగంలో, నగానో ప్రిఫెక్చర్ వాయవ్య మూలన, ఉత్తర ఆల్ప్స్ అని పిలిచే పర్వతశ్రేణికి తూర్పు పాదాన హకుబా లోయ ఉంది. చలికాలంలో సైబీరియా నుంచి వీచే గాలులు జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమను నింపుకొని, ఈ కొండలకు తగిలి పైకి లేచేటప్పుడు ఆ తేమనంతా మంచుగా కురిపిస్తాయి. 1998 నగానో ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్, సూపర్-జీ అనే వేగపు స్కీ పందేలు ఇక్కడి హప్పో-ఒనె కొండ మీదే జరిగాయి. స్కీ జంపింగ్ జట్టు పోటీలో జపాన్ స్వర్ణం గెలుచుకున్నది కూడా ఈ ఊరి స్టేడియంలోనే. ఒమాచి పట్టణం, హకుబా, ఒతారి గ్రామాల పరిధిలో దక్షిణం నుంచి ఉత్తరానికి వరుసగా పది స్కీ మైదానాలు ఉన్నాయి.

పది మైదానాలు ఉండటం వరమే అయినా, కొత్తగా వెళ్లేవారిని తికమక పెట్టేది కూడా అదే. ఎక్కడ మంచు బాగా పడుతుంది, ఏ కొండ గొప్పది అన్న ప్రశ్నలతో మొదలుపెడితే ప్రణాళిక దారి తప్పుతుంది. మీ బృందంలో స్కీయింగ్‌కు అందరికన్నా కొత్తవారు ఎవరో ముందు తేల్చుకొని, తేదీలు, ఊరు, గది, పాఠాలు అన్నీ వారికి అనువుగా కుదుర్చుకుంటే యాత్ర అందరికీ బాగుంటుంది. అనుభవం ఉన్నవారు ఈ లోయలో ఎక్కడ దిగినా తమకు కావలసిన వాలును వెతుక్కోగలరు. కొత్తవారికి ఆ వెసులుబాటు ఉండదు.

మొదటి మెట్టు: తేదీలు

లోయలో స్కీ కాలం డిసెంబరులో ఊపందుకుంటుంది. ఎత్తైన హప్పో-ఒనె మీద మే నెల మొదటి వారం వరకు మంచు నిలుస్తుంది. పొడిపొడిగా, మోకాలి లోతున దిగబడే తాజా మంచు కావాలంటే జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన సమయం. కానీ తొలిసారి నేర్చుకునేవారికి లోతైన మంచుతో పని లేదు. వారికి కావలసింది యంత్రంతో చదును చేసిన వాలు, ఓ మోస్తరు చలి, కాస్త ఎండ. అందుకే పిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబానికి నేను మార్చి మొదటి పదిహేను రోజులను సిఫారసు చేస్తాను. అప్పటికి పగలు పొడవవుతుంది, శిఖరాలు మబ్బుల్లోంచి బయటపడతాయి, గదుల ధరలు కూడా కొంత దిగుతాయి. జనవరిలో రోజుల తరబడి మంచు కురుస్తూనే ఉండి, ఎదుట ఉన్న 2,932 మీటర్ల షిరౌమా శిఖరం ఒక్కసారైనా కనబడకుండానే సెలవు అయిపోవచ్చు.

మన రాష్ట్రాల బడి సెలవులను బట్టి చూస్తే సంక్రాంతి సెలవులు మంచి మంచుతో కలిసివస్తాయి. అయితే జనవరి రెండో సోమవారం జపాన్‌లో వయోజన దినోత్సవ సెలవు కాబట్టి, దానికి ముందున్న శని, ఆదివారాల్లో టోక్యో జనం కొండలకు తరలివస్తారు. ఆ సోమవారం సాయంత్రం లోయకు చేరేలా టికెట్లు తీసుకుంటే మరునాటి నుంచి స్కీయర్లను కొండ మీదికి తీసుకెళ్లే తీగ కుర్చీల లిఫ్టుల దగ్గర వరుసలు తగ్గుతాయి. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం వరకు, చైనీయుల చాంద్రమాన కొత్త సంవత్సరం వచ్చే వారంలోను, ఫిబ్రవరి 11, 23 తేదీల సెలవులకు ఆనుకున్న వారాంతాల్లోను రద్దీ, ధరలు రెండూ ఎక్కువే. వేసవి సెలవులకు మాత్రం ఈ యాత్ర పెట్టుకోకండి. ఏప్రిల్ చివరికి మంచు కొండ పైభాగంలోనే మిగులుతుంది, కింద ఉండే నేర్చుకునే వాలులన్నీ అప్పటికి కరిగిపోతాయి.

రెండో మెట్టు: ఎన్ని రోజులు

కొత్తవారికి నాలుగు స్కీ రోజులు, వాటి మధ్య ఒక విశ్రాంతి రోజు, రానూపోనూ ఒక్కో రోజు చొప్పున లోయలో ఆరు రాత్రులు సరిపోతాయి. రెండు రోజులకే తిరిగి వచ్చేయాలంటే అసలు వెళ్లకపోవడమే మేలు. మొదటి రోజు బూట్లతో నడవడం, నిలబడటం, ఆగడం నేర్చుకోవడానికే పోతుంది. రెండో రోజు ఒళ్లంతా నొప్పులుంటాయి. ఆనందం మొదలయ్యేది మూడో రోజే. వెళ్లడానికి నెలన్నర ముందు నుంచి రోజూ గుంజీలు తీయడం, మెట్లు ఎక్కడం అలవాటు చేసుకుంటే ఆ నొప్పులు సగానికి సగం తగ్గుతాయి.

మూడో మెట్టు: ఏ ఊళ్లో దిగాలి

లోయ పొడవునా ఊళ్లు విడివిడిగా ఉంటాయి, రాత్రిపూట ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లడం సులభం కాదు. కాబట్టి అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించవలసిన నిర్ణయం ఇదే.

హప్పో గ్రామం లోయకు నడిబొడ్డు. బస్ టెర్మినల్, అద్దె దుకాణాలు, భోజనశాలలు, వేడినీటి స్నానశాలలు నడిచిపోయే దూరంలో ఉంటాయి. జపాన్‌లో ఇంటివారే అతిథులకు గది, భోజనం ఇచ్చే మిన్షుకు పద్ధతి మొదలైంది హప్పోలోని హొసొనొ అనే ఈ పాత ఊరిలోనే అని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. కారు లేకుండా వచ్చేవారికి ఇంతకన్నా సౌకర్యమైన చోటు లేదు. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. హప్పో-ఒనె 1,831 మీటర్ల నుంచి 760 మీటర్ల వరకు దిగే పెద్ద కొండ. అందులో కొత్తవారికి అనువైన వాలులు సక్క, నకియమ వంటి దిగువ భాగాల్లోనే ఉన్నాయి. పేరు చూసి ఉత్సాహంగా పైకి వెళ్లిన కొత్తవారు గుబ్బలుగుబ్బలుగా ఉన్న నిటారు వాలు మీద నిలబడిపోయే ప్రమాదం ఉంది.

వదనో హప్పోకు ఆనుకొని చెట్ల మధ్య ఉన్న ప్రాంతం. ఇక్కడ కొన్ని హోటళ్ల గుమ్మం నుంచే వాలు మీదికి వెళ్లవచ్చు, అందుకు తగ్గట్టే ధరలుంటాయి. ఎకోలాండ్ అనే ప్రాంతంలో రాత్రి భోజనాలకు, కాలక్షేపానికి లోటు లేదు కానీ వాలు పక్కన లేదు, ప్రతి ఉదయం బస్సు ఎక్కాలి. చిన్నపిల్లలతో వచ్చేవారికి ఆ ఉదయపు హడావిడి తగదు.

కుటుంబంలో అందరూ కొత్తవారైతే నేను గొర్యూ లేదా త్సుగైకె వైపు మొగ్గుతాను. గొర్యూలో తోమి వాలు అడుగున బూట్లు మార్చుకోవడం, అద్దె, భోజనం అన్నీ ఒకే పెద్ద భవనంలో జరిగిపోతాయి. పైన అది హకుబా 47 మైదానంతో కలుస్తుంది, ఒకే టికెట్టుతో రెండింటిలోనూ తిరగవచ్చు, అందువల్ల బృందంలో ఆరితేరినవారికి కూడా విసుగు పుట్టదు. ఒతారి గ్రామంలోని త్సుగైకె అడుగు వాలు విశాలంగా, తక్కువ ఏటవాలుతో ఉంటుంది. కొత్తవారు పక్కకు జారిపోయినా ఎవరినీ ఢీకొట్టనంత చోటు అక్కడ దొరుకుతుంది. లోయ ఉత్తరపు కొసనున్న కోర్టినా మంచు సమృద్ధికి, చెట్ల మధ్య స్కీయింగ్‌కు పేరు పొందింది. కొత్తవారు దానిని మరో ఏటికి అట్టిపెట్టుకోవచ్చు.

నాలుగో మెట్టు: గది, పాఠాలు, ఖర్చు

జనవరి, ఫిబ్రవరి నెలల గదులను అంతకు ముందు ఏడాది వేసవిలోనే ఖాయం చేసుకోవాలి, మార్చి గదులకు నాలుగైదు నెలల ముందు చూసుకున్నా ఫరవాలేదు. గది దొరికిన రోజే పాఠాలు కూడా బుక్ చేయండి. చాలామంది దీనిని అక్కడికి వెళ్లాక చూసుకుందామని వదిలేస్తారు. ఇంగ్లిష్‌లో నేర్పే బోధకులు, ముఖ్యంగా పిల్లలకు నేర్పేవారు, రద్దీ వారాల్లో నెలల ముందే నిండిపోతారు. మొదటి రెండు రోజులూ బోధకుని దగ్గర నేర్చుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. భర్త భార్యకు, అన్న తమ్ముడికి నేర్పుతానని పూనుకోవడం వాలు మీద తగువులకే దారితీస్తుంది. పెద్దలకు బృంద పాఠం చాలు, నాలుగైదేళ్ల పిల్లలకు మాత్రం వీలైతే విడిగా బోధకుణ్ణి పెట్టండి.

ఖర్చు అంచనాకు కొన్ని అంకెలు చెబుతాను. యెన్ విలువ అర్ధరూపాయికి కాస్త పైన ఉంటుందని పెట్టుకోండి. స్కీలు, బూట్లు, కర్రలు కలిపి రోజుకు సుమారు 5,000 నుంచి 8,000 యెన్‌లు, జాకెట్టు, ప్యాంటు అద్దె మరో 4,000 నుంచి 5,000 యెన్‌లు అవుతాయి. అర్ధరోజు బృంద పాఠం 10,000 యెన్‌లు దాటుతుంది. పెద్ద మైదానాల్లో ఒక రోజు లిఫ్టు టికెట్టు 7,000 నుంచి 10,000 యెన్‌ల పైచిలుకు. లోయ మొత్తానికి చెల్లే ఉమ్మడి పాస్ అనుభవజ్ఞులకు లాభం. కొత్తవారు మొదటి రెండు రోజులు ఒకటి రెండు లిఫ్టులకు మించి ఎక్కరు కనుక ఆ పాస్ ముందే కొనకుండా, ఏ టికెట్టు చాలునో బోధకుణ్ణి అడిగి తీసుకోండి.

ఐదో మెట్టు: వీసా, విమానం, బీమా

భారతీయులకు 2024 ఏప్రిల్ నుంచి జపాన్ పర్యాటక ఈ-వీసా ఇస్తోంది. 90 రోజుల వరకు ఉండటానికి, ఒకే ప్రవేశానికి అది చెల్లుతుంది, దరఖాస్తు వీసా కేంద్రం ద్వారా చేయాలి. ఈ-వీసాను విమానాశ్రయంలో ఫోను తెరిచి ఇంటర్నెట్ ద్వారానే చూపించాలి, కాగితం మీద అచ్చు, స్క్రీన్‌షాట్ పనికిరావు. కాబట్టి ప్రయాణం మొదలయ్యే ముందే ఫోనులో డేటా పనిచేసేలా చూసుకోండి. బెంగళూరు నుంచి టోక్యో నరీతా విమానాశ్రయానికి, ఢిల్లీ నుంచి టోక్యోకు నేరుగా విమానాలున్నాయి. హైదరాబాద్ నుంచి వెళ్లేవారు ఈ రెండు నగరాల మీదుగానో, బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్ మీదుగానో వెళ్లవచ్చు.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు స్కీయింగ్ అనే మాట పాలసీలో ఉందో లేదో చదివి చూసుకోవాలి. చాలా మామూలు పాలసీలు శీతాకాల క్రీడలను మినహాయిస్తాయి. మోకాలి గాయానికి చికిత్స, కొండ మీద నుంచి దించడానికయ్యే ఖర్చు రెండూ అందులో ఉండాలి.

మందుల విషయంలో జపాన్ నిబంధనలు కఠినం. సూడోఎఫిడ్రిన్ పది శాతం మించి ఉన్న జలుబు మందులను దేశంలోకి తీసుకురానివ్వరు. రోజూ వాడే మందులను ఒక నెలకు సరిపడా, చీటీతో సహా తీసుకెళ్లండి.

ఆరో మెట్టు: టోక్యో నుంచి లోయకు

అన్నిటికన్నా వేగమైన దారి టోక్యో స్టేషన్‌లో హొకురికు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కి నగానోలో దిగడం. గంటన్నర ప్రయాణం, టికెట్టు సుమారు 8,000 యెన్‌లు. కగయకి అనే రైళ్లలో సీట్లన్నీ రిజర్వేషన్‌వే, అసమ, హకుతక రైళ్లలో రిజర్వేషన్ లేని పెట్టెలు కూడా ఉంటాయి. నగానో స్టేషన్ తూర్పు ద్వారం బయట హకుబా బస్సు దొరుకుతుంది, అది గంటా పావులో లోయకు చేరుస్తుంది. టోక్యోలోని షింజుకు నుంచి నేరుగా హకుబాకు అజుసా ఎక్స్‌ప్రెస్ రైలు రోజుకు ఒకటి ఉంది. షింజుకు బస్ టెర్మినల్ నుంచి ఐదు గంటల బస్సు అన్నిటికన్నా చవక. టోక్యోలోని నిషికసాయి వంటి చోట్ల నివసించే తెలుగువారు వారాంతానికి వెళ్లిరావాలంటే శుక్రవారం రాత్రి బస్సే వారికి కలిసివస్తుంది. విమానాశ్రయాల నుంచి నేరుగా వచ్చే షటిల్ బస్సులు సామాను, పిల్లలు ఎక్కువగా ఉన్నవారికి హాయి, కాకపోతే ఐదారు గంటలు కూర్చోవాలి.

రైల్లో వెళ్లేవారు పెద్ద పెట్టెలను మోసుకెళ్లే పని లేదు. విమానాశ్రయంలో తక్యుబిన్ అనే సామాను చేరవేత సేవ కౌంటరు వద్ద పెట్టెలు అప్పగిస్తే ఒకటి రెండు రోజుల్లో అవి మీ హోటలుకు చేరతాయి. మందులు, ఒక జత వెచ్చని బట్టలు చేతిసంచిలో ఉంచుకుంటే చాలు. కారు అద్దెకు తీసుకోవడం నేను సిఫారసు చేయను. అంతర్జాతీయ అనుమతి పత్రం చేతిలో ఉన్నా, గడ్డకట్టిన రోడ్డు మీద బ్రేకు వేయడం మనకు అలవాటు లేని విద్య.

ఏడో మెట్టు: ఒంటి మీద ఏముండాలి

జనవరిలో కొండ మీద సున్నాకు పది డిగ్రీల దిగువన చలి మామూలే, గాలి తోడైతే ఇంకా తీవ్రంగా అనిపిస్తుంది. ఒంటిని అంటిపెట్టుకొని ఉలెన్ లేదా సింథటిక్ లోదుస్తులు, వాటి మీద ఫ్లీస్, అన్నిటి పైన తడి లోపలికి రానివ్వని జాకెట్టు, ప్యాంటు వేసుకోవాలి. నూలు బట్టలు చెమటను పీల్చి అక్కడే నిలుపుతాయి, లిఫ్టులో కూర్చున్న పది నిమిషాల్లో ఆ తడి చలిగా మారి వణికిస్తుంది. జీన్స్ అయితే అసలే వద్దు. పై జాకెట్టు, ప్యాంటు, హెల్మెట్ అద్దెకు దొరుకుతాయి. లోదుస్తులు, తడవని చేతి తొడుగులు, స్కీ గాగుల్స్, మెడపట్టీ, రెండు మూడు జతల పొడవైన పలుచని ఉలెన్ సాక్సులు మాత్రం సొంతానికి కొనుక్కోండి. వీటిని హైదరాబాద్, విజయవాడల్లోని క్రీడా వస్తువుల దుకాణాల్లోనే కొనుక్కోవచ్చు.

అద్దె దుకాణంలో మీ ఎత్తు, బరువు, పాదం పొడవు అడుగుతారు. జపాన్‌లో బూటు కొలత సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి మడమ నుంచి బొటనవేలి దాకా ఇంట్లోనే కొలుచుకొని రాసిపెట్టుకోండి. బరువు నిజమే చెప్పాలి. పడినప్పుడు స్కీ బూటు నుంచి ఎంత బలానికి ఊడిరావాలో ఆ అంకెను బట్టే బిగిస్తారు, తప్పు చెబితే మోకాలికే ముప్పు.

బూటు బాగా కుదిరిందో లేదో చూసే పద్ధతి ఇది. సాక్సు ముడతలు లేకుండా లాగి, దాని మీదికి ప్యాంటు అంచు గానీ లోదుస్తు అంచు గానీ రాకుండా పిక్క పైకి జరిపి, కాలు బూటులో పెట్టి మడమను రెండుసార్లు నేలకు తట్టాలి. అప్పుడు మడమ వెనక్కు జరిగి తన గూట్లో కూర్చుంటుంది. బకిల్స్ పెట్టుకున్నాక నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు గోడను తేలికగా తాకాలి. మోకాళ్లు వంచి కాలి ముందు ఎముకతో బూటు నాలుకను ముందుకు నొక్కితే వేళ్లు వెనక్కు జరిగి వదులవ్వాలి. వంగినా వేళ్లు నొక్కుకుపోతుంటే బూటు చిన్నది, వంగినప్పుడు మడమ లేస్తుంటే పెద్దది. మొహమాటపడకుండా మార్చమని అడగండి. బూటు సరిపడకపోతే ఎంత మంచి మంచు ఉన్నా ఆ రోజు వృథా. చేరిన సాయంత్రమే ఈ పని ముగించుకుంటే మరునాటి ఉదయపు రద్దీ తప్పుతుంది.

ఎనిమిదో మెట్టు: వాలు మీద తొలి రోజు

తొలి గంట ఒక స్కీతో నడవడం, జారడం, పడి లేవడంతో గడుస్తుంది. పడినప్పుడు రెండు స్కీలను వాలుకు అడ్డంగా తిప్పుకున్నాకే లేవాలి, లేకపోతే లేస్తూనే మళ్లీ జారుతారు. తరువాత ముందు కొనలు దగ్గరగా, వెనుక కొనలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం నేర్పుతారు. దానిని పిల్లలకు పిజ్జా అని చెబుతారు. ఆగడం బాగా వచ్చేదాకా లిఫ్టు ఎక్కకండి. ఎక్కినప్పుడు వెంటనే రక్షణ కడ్డీ దించుకోండి, దిగబోయే ముందు స్కీల ముందు కొనలను పైకెత్తండి. భయమేస్తే లిఫ్టు సిబ్బందికి చెయ్యి ఊపితే వేగం తగ్గిస్తారు. జపాన్‌లో ఆకుపచ్చ గుర్తున్న వాలు కొత్తవారికి, ఎరుపు మధ్యస్థులకు, నలుపు ఆరితేరినవారికి. రెండు రోజులకే ఎరుపు మీదికి వెళ్లాలన్న తొందర వద్దు. అలసిపోయిన కాళ్లతో చివరిసారి అంటూ ఎక్కేటప్పుడే గాయాలవుతాయి కాబట్టి మధ్యాహ్నం మూడు దాటాక మానేయడం మంచి అలవాటు.

మంచు నుంచి ప్రతిఫలించే ఎండకు ముఖం మాడిపోతుంది, మబ్బున్నా సన్‌స్క్రీన్ రాసుకోండి. నీళ్లు తాగడం మరవకండి.

తిండి సంగతి

మాంసాహారులకు ఇబ్బంది లేదు. శాకాహారులు మాత్రం ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. నగానోకు పేరు తెచ్చిన సోబా నూడుల్స్ శాకాహారంగానే కనిపించినా, వాటి పులుసులో ఎండబెట్టిన బొనిటో చేప సారం ఉంటుంది. స్కీ క్యాంటీన్లలో దొరికే కూర అన్నంలో సాధారణంగా గొడ్డు మాంసమో పంది మాంసమో కలుస్తుంది. కూరగాయలు కూరిన ఓయకి అనే ఉండలు ఈ ప్రాంతపు సొంత వంటకం, లోపల ఏముందో అడిగి నిశ్చింతగా తినవచ్చు. చేప సారం కూడా వద్దని జపనీస్‌లో రాయించిన చీటీ వెంట ఉంచుకోండి, హోటలుకు బుకింగ్ సమయంలోనే తెలియజేయండి.

కుటుంబంగా వెళ్లేవారికి వంటగది ఉన్న గది నిజంగా మేలు చేస్తుంది. బియ్యం, కూరగాయలు, పెరుగు హకుబా స్టేషన్ సమీపంలోని సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి. ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు, ఊరగాయ తెచ్చుకోండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, పండ్లు మాత్రం పెట్టెలో పెట్టకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని తాజా ఆకులు, కాయలను జపాన్ విమానాశ్రయంలో ఆపేస్తారు, మాంసపు పచ్చళ్లకు కూడా అనుమతి లేదు. మన కరెంటు కుక్కర్ తేవడం దండగ. అక్కడి కరెంటు 100 వోల్టులు, 230 వోల్టుల కుక్కర్‌లో అన్నం ఉడకదు.

విశ్రాంతి రోజు

మూడో రోజునో నాలుగో రోజునో స్కీలు పక్కన పెట్టండి. స్కీ చేయని పెద్దలు లోయలోని మరో మైదానమైన ఇవతకెలో గొండోలా (తీగ మీద నడిచే పెట్టె) ఎక్కి పైనున్న మౌంటెన్ హార్బర్ వేదిక నుంచి హకుబా మూడు శిఖరాలను ఎదురుగా చూడవచ్చు. నగానో నగరంలోని జెంకోజి ఆలయంలో ప్రధాన పీఠం కిందుగా చిమ్మచీకటి దారి ఉంది, గోడ తడుముతూ నడిచి తాళాన్ని తాకితే పుణ్యమని భక్తుల నమ్మకం. జిగొకుదని లోయలో వేడినీటి మడుగులో కూర్చునే మంచుకోతులను చూడటానికి అడవి బాటన అరగంటకు పైగా మంచులో నడవాలి, అడుగు జారని బూట్లు ఉండాలి.

హప్పో వేడినీటి ఊటలు పదకొండు దాటిన పీహెచ్‌తో గట్టి క్షార గుణం కలవి, స్నానం చేస్తే చర్మం జారుడుగా అనిపిస్తుంది. స్త్రీపురుషులకు వేర్వేరు గదులుంటాయి, లోపల బట్టలు ఉండకూడదు. ముందు పీట మీద కూర్చొని సబ్బుతో ఒళ్లంతా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. మొహమాటం ఉన్నవారు కుటుంబానికి విడిగా ఇచ్చే స్నానగది ఉన్న హోటలును ముందే వెతుక్కోవచ్చు.

దాటకూడని గీతలు

మైదానం అంచున కట్టిన తాడును దాటవద్దు. తాడు అవతల గస్తీ ఉండదు, రక్షణ బృందం రావలసి వస్తే ఖర్చు మీదే. 2023 జనవరిలో ఒతారి వైపు కొండ మీద మంచుచరియ విరిగిపడి, 2015లో హాఫ్‌పైప్ అనే స్కీ విన్యాసాల పోటీలో ప్రపంచ విజేతగా నిలిచిన కైల్ స్మెయిన్ మరణించారు. అంత నైపుణ్యం ఉన్నవారికే తప్పనిది కొత్తవారికి తప్పుతుందనుకోవడం పొరపాటు. తాడు ఇవతలే అయినా చెట్ల మొదళ్ల దగ్గరికి వెళ్లకండి, కొమ్మల కింద మెత్తని మంచు గుంతలుంటాయి. ఊళ్లో నడిచేటప్పుడు ఇళ్ల చూరుల కింద నిలబడకుండా పిల్లలను పట్టుకోండి, ఎండ రాగానే కప్పు మీది మంచు ఒక్కసారిగా కిందికి జారుతుంది.

తిరుగు ప్రయాణం

గాలి బలంగా వీస్తే హప్పో పై లిఫ్టులు ఆగిపోతాయి, భారీ మంచు పడితే బస్సులు ఆలస్యమవుతాయి. అందువల్ల లోయ నుంచి బయలుదేరిన రోజే అంతర్జాతీయ విమానం ఎక్కేలా టికెట్టు తీసుకోకండి. మధ్యలో ఒక రాత్రి టోక్యోలో ఉండాలి. పెద్ద పెట్టెలను రెండు రోజుల ముందే హోటలు కౌంటరులో తక్యుబిన్‌కు ఇచ్చి, విమానం పేరు, సమయం రాసి విమానాశ్రయానికి పంపించండి. అద్దె సామగ్రిని బయలుదేరే ముందు సాయంత్రమే తిరిగి ఇచ్చేసి, ఉదయం మొదటి బస్సుకు సీటు రిజర్వు చేసుకోండి.